కూర్చున్న గంటలకూ ఒక చిట్టా: కుర్చీ పని చేసేవాళ్లు ఒంటి లెక్క రాసుకోవడం ఎలా

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తీ (కమీషన్) దుకాణంలో పదహారేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మిర్చి సీజన్లో పొద్దున ఏడింటికి గల్లా పక్కన కూర్చుంటే రైతులకిచ్చే లెక్క కాగితాలు, అంటే తక్‌పట్టీలన్నీ రాసి, హమాలీ ఖర్చులు, తూకం వేసే దడువాయి ఖర్చులు తేల్చి లేచేసరికి దీపాలు వెలుగుతాయి. ఏ రైతు బస్తాలు ఎన్ని తూగాయో, ఎవరికి ఎంత బాకీ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. రెండేళ్ల కింద ఒక నర్సమ్మ "నడుము చుట్టుకొలత ఎంతన్నా?" అని అడిగితే మాత్రం "ప్యాంటు ముప్పై నాలుగమ్మా" అన్నాను. ఆమె నవ్వి టేపు పెట్టింది. 39 అంగుళాలు. ప్యాంటు బొడ్డు కింద కట్టుకుంటాం, పొట్ట దాని మీదికి వాలి ఉంటుంది. ఆ సైజును నమ్ముకోవడం తరుగు తీయకుండా తూకం రాసినట్టే.

ఆ రోజు పరగడుపు షుగర్ 112 ఉంది. రోగం కాదట, రోగం గుమ్మంలో నిలబడిందట. అప్పటి నుంచి దుకాణం చిట్టా పక్కనే నా ఒంటికీ ఒక పుస్తకం పెట్టుకున్నాను. దాన్ని రాసే పద్ధతి ఇది. మీరు సుబేదారిలో బ్యాంకు కౌంటర్ వెనక ఉన్నా, మడికొండ ఐటీ పార్కులో కంప్యూటర్ ముందున్నా, బీడీల చాట ఒళ్లో పెట్టుకున్నా ఇదే పనికొస్తుంది. కొత్తవాడలో దుర్రీలు నేసేవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్ల కాళ్లు తొక్కుడు చెక్కల మీద ఆడుతూనే ఉంటాయి, మెడా నడుమూ మాత్రం వంగే ఉంటాయి. వాళ్లు నొప్పుల పేజీ ఎక్కువ రాసుకోవాలి.

ముందు ఒక్క మాట, ఎందుకు రాయాలో. కాళ్లలో ఉన్నవి ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు. నడుస్తున్నంతసేపూ అవి రక్తంలోని చక్కెరనూ కొవ్వునూ వాడుకుంటాయి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి తోస్తుంది. కూర్చోగానే రెండు పనులూ దాదాపు ఆగిపోతాయి. అయితే నొప్పి పుట్టదు, జ్వరం రాదు. అందుకే మనకు తెలియదు.

దీన్ని మొదట పట్టుకున్నది ఒక బస్సు లెక్క. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని గమనించి, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని చూపించాడు. 1956లో ఆయనే వాళ్ల యూనిఫారాల కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుము పెద్దదని తేలింది. దర్జీ పుస్తకంలోనే జబ్బు జాడ దొరికిందన్నమాట. మన దగ్గర కొన్ని ఆర్టీసీ బస్సుల్లో ఇప్పుడు డ్రైవరే టికెట్ కూడా కొడుతున్నాడు, అదీ సీట్లోంచి లేవకుండానే. మోరిస్ గారు చూస్తే ఏమనేవారో.

మొదటి పని: అయిదు రోజులు ఊరికే లెక్కపెట్టండి

ఈ అయిదు రోజుల్లో ఏ అలవాటూ మార్చకండి. లెక్క రాస్తున్నామని తెలియగానే మనసు మంచిబుద్ధి చూపించి మొదటి రోజే చెరువు గట్టుకు వాకింగ్ తీసుకుపోతుంది. అది దొంగ లెక్క. మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి.

గంటకో గీత చొప్పున పేజీ పక్కన రాయండి. ఆ గంటలో ఎక్కువసేపు కూర్చుంటే "కూ", నిలబడో నడిచో ఉంటే "న". నిమిషాల దాకా పోవద్దు, మూడో రోజుకే విసుగొచ్చి మానేస్తారు. దుకాణం ఒక్కటే కాదు, బండి మీద వచ్చిన సేపు, అన్నం తిన్న సేపు, టీవీ ముందు గడిపిన సేపు, పడుకునే ముందు ఫోన్ పట్టుకుని కుర్చీలో వాలిన సేపు అన్నీ కూర్చున్నట్టే. నిద్ర మాత్రం కలపొద్దు.

దానికింద ఇంకో అంకె: ఆ రోజు లేవకుండా ఒక్క దఫాలో ఎంతసేపు కూర్చున్నారు. నా మొదటి వారం సగటు రోజుకు పదకొండున్నర గంటలు వచ్చింది. నన్ను భయపెట్టింది అది కాదు. ఒక మంగళవారం మూడు గంటల పది నిమిషాలు కదల్లేదు. చాయ్ కూడా పిల్లవాడే తెచ్చి ముందు పెట్టాడు.

ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ ఉంటే వాడుకోండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. పొద్దున ఆరు వేల అడుగులు నడిచి తర్వాత పది గంటలు కుర్చీకి అంటుకుపోయినా దానికి సంతోషమే. పైగా ఫోన్ గల్లా మీద పెట్టి మనం తిరిగితే ఆ అడుగులు దానికి తెలియవు.

రెండో పని: ప్రారంభ నిల్వ

కొత్త చిట్టా తెరిస్తే ముందు ప్రారంభ నిల్వ రాస్తాం కదా. ఇక్కడా అంతే. నడుము, బరువు, బీపీ, షుగర్. కొలిచే తీరు తప్పితే అంకె తప్పుతుంది, అందుకే ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

నడుము కొలవడానికి దర్జీ టేపు చాలు. పొద్దున, ఏమీ తినకముందు, బట్ట అడ్డం లేకుండా కొలవండి. అన్నిటికన్నా కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు పెట్టాలి. చాలామందికి అది బొడ్డుకు కొంచెం అటూ ఇటూ వస్తుంది. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చితే ఎవర్ని మోసం చేస్తున్నట్టు? మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. అంగుళాల్లో దాదాపు ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర. తెల్లవాళ్లకు పెట్టిన గీత దీనికంటే పైనుంటుంది. సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు పట్టే ఒళ్లు మనది, కాబట్టి ఆ గీతను చూసి నిశ్చింతగా ఉండొద్దు.

బరువు నెలకోసారి చాలు. రోజూ ఎక్కితే సగం కిలో అటూ ఇటూ చూసి టెన్షన్ తప్ప ఇంకేం ఉండదు.

బీపీ విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. చాయ్ తాగి, మెట్లెక్కి వచ్చి, మాట్లాడుతూ కొలిపించుకుంటే అది మీ బీపీ కాదు. కొలవడానికి అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్ వద్దు. మూత్రానికి పోయి రండి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చుట్టే పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. పొద్దున, సాయంత్రం ఏడు రోజులు ఇలా రాసి, మొదటి రోజు అంకెలు తీసేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో తీసిన సగటు 135/85 కానీ అంతకు మించి కానీ ఉంటే ఆ పేజీ డాక్టర్‌కు చూపించాలి.

మిషన్ కొనాల్సిందేనా అంటే, అక్కర్లేదు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. పట్నంలో బస్తీ దవాఖానా, ఊళ్లో పల్లె దవాఖానా. మనం పోము, అంతే. దుకాణంలో నలుగురైదుగురు పనిచేస్తుంటే తలా ఇంత వేసుకుని ఒక మిషన్ కొనుక్కోవచ్చు, మేం అలాగే చేశాం. సేటు కూడా రెండో రోజు చెయ్యి చాపాడు.

షుగర్‌కు రాత్రి తిన్నాక కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా, పొద్దున పరీక్ష. వంద లోపు మామూలు. 100 నుంచి 125 దాకా గుమ్మంలో ఉన్నట్టు. 126 కానీ అంతకు మించి కానీ ఉంటే ఇంకోసారి చేయించి ఖాయం చేసుకుంటారు. వీలుంటే హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి. సుమారు మూడు నెలల సగటు చక్కెర ఎలా ఉందో అది చెప్తుంది. 5.7 లోపు మామూలు, 6.5 కానీ అంతకు మించి కానీ ఉంటే షుగర్ వ్యాధి, మధ్యలో ఉంటే నాలాంటివాళ్లు. రక్తహీనత ఉన్నవాళ్లలో ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు, కాబట్టి ఆడవాళ్లు హిమోగ్లోబిన్ కూడా చూపించుకుని రెండు కాగితాలూ డాక్టర్ ముందు పెట్టాలి. కొలెస్ట్రాల్ పరీక్ష మొదట్లో ఒకసారి, తర్వాత డాక్టర్ చెప్పినప్పుడు చేయించుకోండి.

మూడో పని: దుకాణం మూసే ముందు రెండు నిమిషాలు

రోజూ రాయాల్సింది ఇది. నడుము, మెడ, మోకాళ్ల నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక్కో అంకె వేయండి. తిమ్మిరి వస్తే ఏ కాలు, ఏ వేళ్లు అన్నది కూడా. "నడుం పట్టేసింది" అని రాస్తే నెల తర్వాత ఏమీ తెలియదు. "నడుము 6, మధ్యాహ్నం మూడు తర్వాత" అని రాస్తే తెలుస్తుంది. నా పుస్తకంలో మెడనొప్పి సోమ, గురువారాల్లోనే ఎక్కువ. ఎందుకా అని వెతికితే ఆ రెండు రోజులే పాత బాకీలు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను, స్క్రీన్ పక్కకు ఉంటుంది. స్క్రీన్‌ను ఎదురుగా తెచ్చి కింద రెండు పాత ఆవర్జా పుస్తకాలు పెట్టాక ఆ అంకె సగానికి దిగింది. డాక్టర్ దాకా పోకుండానే తేలిన సంగతి అది.

కళ్లు మండుతుంటే అదీ రాయండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడండి. మాకు ఎదురు షెడ్డులో బస్తాల వరస ఉంది, అది చాలు.

తర్వాత పాదాలు. సాక్సు తీశాక చీలమండ మీద గాడి పడిందా చూడండి. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి వెంటనే పూడకపోతే నీరు దిగినట్టు. రెండు కాళ్లకూ సాయంత్రం కొంచెం వాపు వచ్చి తెల్లారేసరికి పోతుంటే కూర్చోవడం వల్ల కావచ్చు. రోజూ వస్తుంటే, పొద్దున కూడా ఉంటుంటే గుండె, కిడ్నీల సంగతి డాక్టర్ చూడాలి.

ఇక్కడ ఒకటి మాత్రం పుస్తకంలో రాసి ఊరుకోకూడదు. ఒక్క పిక్కే వాచి, నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు దవాఖానాకు పోవాలి. పిక్కను మాలిష్ చేయొద్దు, చేయించుకోవద్దు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం వస్తే 108కు ఫోన్ చేయాలి, ఎంజీఎం పెద్దాసుపత్రికి బండి మీద పోదాం అనుకోవద్దు. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. బీపీ 180/120 దాటి ఛాతీనొప్పి, తలతిరుగుడు, మాట తడబడటం ఉంటే కూడా ఇంతే. నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కూర్చున్నప్పుడు ఆనే చోట మొద్దుబారినా ఒక్క పూట కూడా ఆగొద్దు.

నీళ్ల లెక్క ఒకటి ఆడవాళ్లు ఎక్కువగా దాచిపెడతారు. పనిచోట మరుగుదొడ్డి సరిగా లేక పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లను మా మార్కెట్లోనే చూశాను. మూత్రం రంగు రాయండి. ముదురు పసుపు పచ్చగా ఉంటే నీళ్లు చాలడం లేదు. మంట ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎండాకాలంలో ఈ గీత వదిలేయకండి.

నాలుగో పని: పదిహేను రోజులకోసారి కుర్చీ పరీక్ష

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఇది పెద్దవాళ్లు పడిపోకుండా చూసేందుకు వాడే పరీక్ష. అరవై నుంచి అరవై నాలుగేళ్ల మగవాళ్లు 14 కంటే తక్కువ, ఆడవాళ్లు 12 కంటే తక్కువ లేస్తే కాళ్ల బలం తగ్గినట్టు లెక్క. నాకు నలభై మూడేళ్లు, పదమూడు వచ్చింది. మా హమాలీ మేస్త్రీకి అరవై దాటాయి, నవ్వుతూ ఇరవై ఒకటి లేచాడు. అంటే హమాలీ పని ఆరోగ్యమని కాదు. బరువులు మోసి మోసి వాళ్ల వెన్నులు పోతాయి, దానికి వేరే చిట్టా కావాలి. మోకాళ్ల నొప్పులు ఎక్కువున్నా, తల తిరుగుతున్నా, గుండెజబ్బు ఉన్నా ఈ పరీక్ష ఒంటరిగా చేయకండి.

అయిదో పని: ఇప్పుడు లేవండి, లేచింది జమ రాయండి

ఆరో రోజు నుంచి ఒక్క మార్పు, ఒక్కటే. అరగంటకోసారి లేవడం. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ఒక పరిశోధన అచ్చేశారు. ఎనిమిది గంటలు కూర్చునేవాళ్లు అరగంటకోసారి అయిదు నిమిషాలు మెల్లగా నడిస్తే, తిన్న తర్వాత చక్కెర పెరిగే ఎత్తు సగానికి పైగా తగ్గింది. గంటకోసారి ఒక్క నిమిషం నడిచినా బీపీ నాలుగైదు పాయింట్లు దిగింది, చక్కెర మాత్రం దిగలేదు. పదకొండు మంది మీద చేసిన చిన్న పరిశోధనే, అయినా దారి చూపించింది.

అరగంటకు అయిదు నిమిషాలంటే ఏ సేటు ఊరుకుంటాడు? నాకూ కుదరలేదు. కుదిరింది రెండు నిమిషాలు. అలారం మోగితే గిరాకీ ముందు సిగ్గనిపించింది, కాబట్టి లేవాల్సిన అవసరాన్నే కల్పించుకున్నాను. మంచినీళ్ల సీసా తీసేసి దూరంగా ఉన్న కుండ దగ్గర గ్లాసు పెట్టాను. రబ్బరు స్టాంపు ఎదురు గోడ అల్మారాలోకి పోయింది. ఫోన్ వస్తే లేచే మాట్లాడతాను. చాయ్ తెచ్చే పిల్లవాడికి "నేనే వస్తరా" అని చెప్పాను. లేచిన ప్రతిసారీ జమ వైపు ఒక గీత. మొదటి వారం రోజుకు ఆరేడు, మూడో వారానికి పదిహేను దాటాయి.

నిలబడి రాసే ఎత్తు బల్ల తెప్పించుకుందామా అని అడిగేవాళ్లున్నారు. గంటల తరబడి నిలబడితే సిరలు ఉబ్బుతాయి, నడుము నొప్పి వేరే రకంగా మొదలవుతుంది. మారుతూ ఉండటమే మందు, కాబట్టి ఆ డబ్బులు మంచి చెప్పులకు పెట్టండి.

లేవడం ఒక్కటే చాలదు. పది లక్షల మందికి పైగా జనం వివరాలు కలిపి చూసిన 2016 నాటి ఒక పెద్ద విశ్లేషణలో, రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవాళ్లకు తొందరగా చనిపోయే ముప్పు పోవాలంటే రోజూ అరవై నుంచి డెబ్బై అయిదు నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ కావాలని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటుంది. నేను వారంలో నాలుగు రోజులు భద్రకాళి బండ్ మీద నలభై నిమిషాలు నడుస్తాను. పాట పాడలేనంత, మాట్లాడగలిగేంత వేగం. మే నెలలో పొద్దున ఆరు దాటితే పోను, ఇంట్లోనే వరండా తిరుగుతాను.

బీడీలు చేసే అక్కలకు నా సలహా అంత సులువుగా నడవదు. వెయ్యి బీడీల లెక్కన కూలి, లేచిన రెండు నిమిషాలూ కూలిలోంచే పోతాయి. కోరుట్లలో మా వదిన చేసే పని చెప్తాను. ఆకు కత్తిరించేది ఒక చోట, చుట్టేది ఇంకో చోట పెట్టుకుంది. కట్ట కట్టినప్పుడల్లా లేచి గూట్లో పెడుతుంది. బాసింపట్టు వేసి కూర్చోవడం మాని పీట వేసుకుని గోడకు ఆనుకుంది. మోకాళ్ల అంకె ఏడు నుంచి నాలుగుకు వచ్చింది. మెడ అంకె కదలలేదు. తల వంచకుండా బీడీ చుట్టే ఉపాయం మాకు ఇంకా దొరకలేదు.

ఆరో పని: పన్నెండు వారాలకు ఖాతా తేల్చండి

మూడు నెలల సగటు చెప్పే పరీక్షను నెలకే చేయిస్తే డబ్బులు దండగ. పన్నెండు వారాలు ఆగి ప్రారంభ నిల్వ రాసిన అన్నిటినీ అదే పద్ధతిలో, అదే టేపుతో, వీలైతే అదే ల్యాబులో మళ్లీ కొలవండి. నాకు నడుము 39 నుంచి 37న్నరకు, షుగర్ 112 నుంచి 104కు దిగాయి. బరువు ఒక్క కిలోనే తగ్గింది. బరువు చూసుకునే ఉంటే ఏమీ లాభం లేదని మానేసేవాణ్ని.

అంకెలు కదలకపోతే పుస్తకాన్ని తిరగేయండి, లేచిన గీతలు నిజంగా ఉన్నాయా అని. ఉన్నాయి, అయినా షుగర్ పెరిగిందంటే తిండి, నిద్ర, ఇంట్లో వంశం సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. మందులు వాడుతున్నవాళ్లు అంకె దిగిందని సొంతంగా మాత్ర మానేయొద్దు. పోయేటప్పుడు పుస్తకమే పట్టుకుపోండి. మా డాక్టర్ దగ్గర ఒక్కొక్కరికి దొరికేది అయిదు నిమిషాలు. నోటితో చెప్తే అందులో నాలుగు "ఎప్పటి నుంచి?" అన్నదానికే పోతాయి.

సీజన్లో ఇదంతా రాయడం ఎవరికీ కుదరదు, నాకూ కుదరలేదు. మార్కెట్ నిండా ఎర్ర బస్తాలున్న నెలల్లో మూడే ఉంచుకోండి: రోజూ ఒక్క దఫాలో కూర్చున్న అతి పొడుగు సేపు, రాత్రి కాళ్ల వాపు, ఆదివారం పొద్దున నడుము. నా పోయిన ఏప్రిల్ పేజీలో ఆ మూడే ఉన్నాయి. పొడుగు సేపు రెండు గంటలకు తిరిగి పోయింది, నడుము 38కి వచ్చింది. మే రెండో వారం నుంచి కుండ దగ్గరి గ్లాసు గీతలు మళ్లీ మొదలయ్యాయి.